దిద్దిన చెయ్యి కనపడాలి

సాగర్ ఎడమ కాల్వ కట్టను నేలమట్టం చెయ్యాలంటే గునపం అక్కర్లేదు, ప్రొక్లెయినర్ అక్కర్లేదు, చీకటి పడేదాకా ఆగక్కర్లేదు. క్యూజీఐఎస్ అని ఉచితంగా దొరికే మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో సర్వల్ అని చిన్న ప్లగిన్ ఉంది. ఎత్తుల పటం తెరిచి, కట్ట ఉన్న గడి మీద నొక్కి, అక్కడున్న అంకె చెరిపి ఏడు మీటర్లు తక్కువ కొడితే కట్ట లేదు. కొత్త అంకె నేరుగా ఫైల్లోకే పోతుంది. సాఫ్ట్‌వేర్ మూసి మళ్లీ తెరిస్తే పాత అంకె ఏమిటో ఆ ఫైలుకే గుర్తుండదు. డబ్బు పెట్టి కొనే ఆర్క్‌జీఐఎస్ ప్రోలో ఇదే పనికి పిక్సెల్ ఎడిటర్ ఉంది. అందులోనైతే ఒక గీత గీసి ఊరికి ఊరునే చదును చెయ్యొచ్చు.

దిద్దొద్దని నేననడం లేదు. దిద్దకపోతే ఆ పటాలు చాలాచోట్ల ఎందుకూ కొరగావు. దిద్దిన సంగతి దాచిపెట్టి, ‘ఉపగ్రహం చెప్పింది’ అని జనం మొహాన కొట్టడం దగ్గరే నా గొడవంతా. ఉపగ్రహం చెప్పలేదయ్యా! ఏసీ గదిలో కూచున్న కుర్రాడు చెప్పాడు. ఆ కుర్రాడి పేరు లేదు. ఏ గడిని ఎందుకు మార్చాడో రాసిన కాగితం లేదు. మార్చకముందు అక్కడ ఏముందో చూపే ప్రతి లేదు. ఉన్నదల్లా రంగులద్దిన పీడీఎఫ్: నీలం మునిగేది, ఆకుపచ్చ మునగనిది. మన ఇల్లు ఏ రంగులో ఉందో చూసుకుని నోరు మూసుకోవాలి.

ఈ పటం అసలేమిటో ముందు చూద్దాం. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే అమెరికా అంతరిక్ష నౌక పదకొండు రోజుల పాటు రాడార్‌తో భూమిని తడిమింది. దాని నుంచి వచ్చిందే ఎస్‌ఆర్‌టీఎం ఎత్తుల పటం. మన దేశం 2005 మే 5న కార్టోశాట్-1 పంపింది. అది తీసిన జంట చిత్రాల నుంచి బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ కార్టోడెమ్ అనే ఎత్తుల పటం తయారుచేసి భువన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టింది. రెండింటిలోనూ గడి ఇంచుమించు ముప్పై మీటర్ల చదరం. మన లెక్కలో దాదాపు తొమ్మిది గుంటలు. తొమ్మిది గుంటల చెలకకు ఒక్కటే అంకె! అందులో గట్టున్నా, పశువుల కొట్టమున్నా, చింతచెట్టున్నా అన్నీ కలిపి ఒకటే. పైగా ఎస్‌ఆర్‌టీఎం రాడార్ చాలాచోట్ల చెట్టు కొమ్మలను, ఇంటి కప్పును చూసిందే తప్ప వాటి కింది నేలను చూడలేదు. అది గురిపెట్టుకున్న కచ్చితత్వమే 16 మీటర్లు. నిజంలో అంతకంటే చాలా మెరుగ్గా వచ్చింది. అయినా మనిషి మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాడా, నడుం లోతులోనా అని తేల్చేంత పదును దానికి లేదు.

అలాంటి పటాన్ని మా హుజూర్‌నగర్ నేలమీద పరిచి చూడండి. ఎడమ కాల్వ ఎత్తు కోల్పోకుండా వాలుకు అడ్డంగా పోతుంది. ఎగువ నుంచి దిగే వాగులు దాన్ని దాటాలి కదా, చాలాచోట్ల అవి కాల్వ కిందుగా కట్టిన యూటీల్లోంచి దాటుతాయి. అండర్ టన్నెల్ అనే పూర్తి పేరు మా దగ్గర ఎవరూ వాడరు. కాల్వ చూసే లష్కర్ దగ్గర్నుంచి ఈఈ దాకా అందరికీ యూటీయే. ఆకాశం నుంచి చూస్తే యూటీ కనపడదు, కట్ట ఒక్కటే కనపడుతుంది. నీటి లెక్క కట్టే ప్రోగ్రాం వాగును తెచ్చి కట్టకు గుద్ది అక్కడ లేని చెరువును పుట్టిస్తుంది. అందుకే లెక్క కట్టేవాడు యూటీ ఉన్నచోట రెండు మూడు గడులను కిందికి కొయ్యాలి. ఇది తప్పనిసరి దిద్దుబాటు. ఇంజనీరింగ్ తెలిసిన ఎవరూ కాదనరు.

కానీ ఎంత కొయ్యాలి? యూటీ అడుగు మట్టం ఎంత, కన్నాలెన్ని, వాటిలో పూడిక ఎంత, జమ్ము పెరిగి ఎన్ని మూసుకున్నాయి? ఇవి ఉపగ్రహానికి తెలియవు, బాలానగర్‌కు తెలియవు, లష్కర్‌కు తెలుసు. అతన్ని అడగకుండా కుర్రాడు ధారాళంగా కోసేస్తే వాగు నిక్షేపంగా కాల్వ దాటిపోయి, ఎగువనున్న ఊరు కాగితం మీద క్షేమం. కొయ్యడం మరిచిపోతే నీళ్లన్నీ ఎగువనే ఆగి, దిగువ ఊరు కాగితం మీద క్షేమం. మూడు గడులు, అంటే ముప్పావు ఎకరం కూడా లేదు, ఏ ఊరు మునుగుతుందో తేలుస్తున్నాయి. ఆ మూడు గడుల మీద సంతకం పెట్టినవాడు లేడు.

2024 సెప్టెంబర్ 1 ఎవరికైనా గుర్తుందా? రాత్రంతా కుండపోత. కోదాడ వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి, మనుషులు పోయారు. విజయవాడ హైవే మీద బండ్లు ఆగిపోయాయి. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర ఎడమ కాల్వకు గండి పడింది. అంతకు రెండేళ్ల ముందు, 2022 సెప్టెంబర్‌లో, ఇదే కాల్వకు నిడమనూరు దగ్గర గండి పడింది. కట్టను గోడలాగా, గోడను కట్టలాగా చూసే పటాలకు ఒక్కటే జవాబు తెలుసు: కట్ట నిలబడుతుంది, లేదా అసలు లేదు. తెగే కట్ట వాటికి తెలియదు. ఎక్కడ తెగితే ఏ ఊళ్లమీద పడుతుందో చూడాలంటే కూడా ఆ గడులనే దింపి చూడాలి. అంటే ఒకే కాల్వకు తెగని పటం ఒకటి, తెగిన పటాలు పది తయారవుతాయి. ఏది ఏదో రాసుకోకపోతే రేపు ఆఫీసులో మిగిలే ఫైలు ఏదవుతుంది? ‘ఫైనల్_కొత్తది_2’ అని పేరున్నది.

ఫిల్ బటన్ సంగతి చూడండి. పటంలో గుంటలుంటే ప్రోగ్రాం తికమక పడుతుందని, నొక్కగానే గుంటలన్నీ పొర్లే మట్టం దాకా పూడ్చేసే సాధనం ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది. ఇంజనీరింగ్ కాలేజీలో ఇచ్చే మొదటి పాఠమే అది: డెమ్, అంటే ఎత్తుల పటం దించుకో, ఫిల్ నొక్కు, ఫ్లో డైరెక్షన్ తీయ్. అది రాడార్ పొరపాటున పడిన గుంటకూ మేళ్లచెరువు పక్క సున్నపురాయి క్వారీకీ తేడా చూడదు. క్వారీ గుంత నిజం! వానాకాలం అందులో నీళ్లు నిలుస్తాయి. చెరువు నిజం. మిషన్ కాకతీయ పేరుతో రాష్ట్రంలోని 46 వేల పైచిలుకు చెరువుల్లో పూడిక తీస్తామని 2015లో మొదలుపెట్టి ట్రాక్టర్ల కొద్దీ మట్టి తోడారు. ఆ మట్టినంతా బటన్ నొక్కి కాగితం మీద మళ్లీ చెరువుల్లో పోస్తున్నాం. బిల్లు మాత్రం రెండు పనులకూ అవుతుంది.

ఇంకా విడ్డూరం ఒకటుంది. కార్టోడెమ్‌లో ఎత్తులు సముద్ర మట్టం నుంచి కావు, దీర్ఘగోళం అనే గణిత ఉపరితలం నుంచి. మన ప్రాంతంలో ఆ రెంటికీ 70, 80 మీటర్ల తేడా. అందుకే చింతలపాలెం వైపు కృష్ణ ఒడ్డున గడులు మైనస్‌లో పడతాయి. కొత్తగా పనిలో చేరినవాడు మైనస్ చూసి హడలిపోతాడు. కృష్ణ ఒడ్డు సముద్రం కంటే లోతులో ఉంటుందా, డేటా పాడైంది అనుకుంటాడు. రాస్టర్ క్యాలిక్యులేటర్ తెరిచి, సున్నా కంటే తక్కువున్న ప్రతి గడినీ సున్నా చేసెయ్యమంటాడు. ఒక్క వరుస ఆజ్ఞ. నది, గట్టు, మిరప తోట, గుడి మెట్లు అన్నీ ఒకే మట్టానికి వచ్చేస్తాయి. పటం మాత్రం నున్నగా, చూడముచ్చటగా ఉంటుంది. పైఅధికారికి నచ్చేది నునుపే. గరుకుగా ఉన్న పటం తెచ్చినవాణ్ణి ‘ఇదేం పనయ్యా’ అంటాడు, నున్నటి అబద్ధం తెచ్చినవాడికి టీ చెబుతాడు.

పులిచింతల మాటకొస్తే నాకు నిజంగా కడుపు మండుతుంది. 45.77 టీఎంసీల జలాశయం, పూర్తి మట్టం 175 అడుగులు, అంటే 53.34 మీటర్లు. ఎండీవర్ తిరిగిన 2000 నాటికి ఆ డ్యాం లేదు. కాబట్టి ఇప్పుడు నీళ్ల కింద ఉన్న నేలను, మునిగిపోయిన ఊళ్లూ పొలాలూ ఉన్న నేలను, ఆకాశం నుంచి కొలిచిన రికార్డు ఎస్‌ఆర్‌టీఎంలో ఉంది. ఎంత మోటుగా ఉన్నా ఉంది. నిర్వాసితులకు అది జ్ఞాపకం, ఇంజనీరుకు అది పూడికను పోల్చి చూసుకునే మొదటి కొలత. అలాంటిదాన్ని ‘పాతది, జలాశయం కనపడటం లేదు’ అని పొలిగాన్ గీసి లోపలంతా 53 అని నింపేస్తే? దిద్దినవాడి దృష్టిలో అది అప్‌డేట్. నా దృష్టిలో ఊళ్లను రెండోసారి ముంచడం. కొత్త పటం కావాలంటే వేరే ఫైలు చెయ్యి, పాతదాని జోలికి పోకు!

అసాధ్యమేమీ అడగడం లేదు. యూరప్ వాళ్లు ఇచ్చే కోపర్నికస్ డెమ్ ముప్పై మీటర్లది ఎవరైనా దించుకోవచ్చు. దానివెంట ఎడిటింగ్ మాస్క్ అని మరో పటం వస్తుంది. అదే గడులు, కానీ ఎత్తు బదులు ప్రతి గడికీ ఆ గడిని ఏం చేశారో చెప్పే సంకేతం: దిద్దనిదానికి 1, సరస్సుగా చదును చేసినదానికి 9, నదిగా దిద్దినదానికి 10. వేరేచోటి డేటాతో నింపినవాటికి ఒకటి, అంచనా కట్టినవాటికి ఒకటి. ఎండీవర్ పటానికీ ఏ వెడల్పున్న నదిని, ఎంత పొడవున్న చెరువును చదును చేశారో నియమాలు రాసిపెట్టారు: 183 మీటర్ల పైబడ్డ నది, 600 మీటర్ల పైబడ్డ చెరువు. రెండొందల ఏళ్ల కింద ఇదే కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో జార్జ్ ఎవరెస్ట్ మహా త్రికోణమితి సర్వే కోసం జ్వరంతో మూలుగుతూ కోణాలు కొలిచాడు. ఆ మహా సర్వే కొలతలనూ, వాటికి చేసిన సవరణలనూ తర్వాత సంపుటాలుగా అచ్చేశారు. తెల్లదొరల పాలన మీద నాకేం మోజు లేదు. కానీ వాడు దిద్దింది చూపించాడు, మనం దాస్తున్నాం.

తెలంగాణవాడికి దిద్దుబాటు నొప్పి కొత్తగా చెప్పాలా? పహాణీలో అనుభవదారు కాలమ్‌లో రాత్రికి రాత్రి పేరు మారితే పదేళ్లు కోర్టు చుట్టూ తిరిగిన కుటుంబాలు ఏ మండలంలో లేవు? పాత పహాణీలో కనీసం కొట్టివేత కనపడేది, సిరా రంగు తేడా కనపడేది. వాటిని పట్టుకునే లాయర్లు కేసులు గెలిచారు. 2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది, రెండుసార్లూ ఊరూరా జనం అడిగింది ఒకటే: ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు? పేరు మారితే ఇంత గగ్గోలు పెట్టే మనం, అదే పొలం ఎత్తు మారితే ఎందుకు అడగం? చెరువు ఎఫ్‌టీఎల్ గీత, అంటే నిండు మట్టం గీత, ఎత్తుతోనే గీస్తారు. అరమీటరు పైకి జరిగితే పట్టా భూమి శిఖం అవుతుంది, అరమీటరు కిందికి జరిగితే శిఖంలో వెంచర్ లేస్తుంది. కంచ గచ్చిబౌలి భూముల గొడవలో ఏఐతో నెమళ్ల బొమ్మలు చేశారని కేసులు పెట్టింది సర్కారు. నెమలి బొమ్మకు కేసు ఉంది. ఎత్తు అంకె మారిస్తే కేసు లేదు, కనీసం నోట్ ఫైలు లేదు.

2022 జాతీయ జియోస్పేషియల్ విధానం 2030 నాటికి మైదానాలకు 25 సెంటీమీటర్ల కచ్చితత్వంతో ఎత్తుల పటం తెస్తామంటోంది. మంచిదే. కానీ అంత పదునైన పటం వచ్చాక ‘డేటా మోటుది’ అని వాదించే దారి కూడా రైతుకు ఉండదు. అప్పుడు దిద్దినవాడి మాటే వేదం. నియమం ఇప్పుడే పెట్టాలి. రాష్ట్ర నీటిపారుదల మంత్రి ఉత్తమ్‌కుమార్ రెడ్డి మా హుజూర్‌నగర్ ఎమ్మెల్యే. కాబట్టి ఊరివాడిగానే అడుగుతున్నా, ఒక్క జీవో ఇవ్వండి. సర్కారు సొమ్ముతో చేసే ఏ ముంపు పటమైనా, ఏ ఎఫ్‌టీఎల్ పటమైనా మూడింటితో కలిపి ఇస్తేనే బిల్లు: తాకని అసలు పటం, దిద్దిన పటం, ఏ గడిని ఎవరు ఎందుకు దిద్దారో చెప్పే మాస్క్. కాల్వ గడులు కోసినచోట లష్కర్ సంతకం, చెరువు గడులు ముట్టుకున్నచోట నీరటికాడి వేలిముద్ర.

భద్రత అంటారు. ఏ భద్రత? అసలు పటం ప్రపంచమంతా ఉచితంగా దించుకుంటోంది, మన దిద్దుబాటు ఒక్కటే రహస్యం! ఫైళ్లు బరువైపోతాయంటారు. సూర్యాపేట జిల్లా 3,607 చదరపు కిలోమీటర్లు. ముప్పై మీటర్ల లెక్కన నలభై లక్షల గడులు. గడికి ఒక బైటు చొప్పున మాస్క్ మొత్తం నాలుగు ఎంబీ. మీటింగులో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పంచే శాలువా ఫొటోలు అంతకంటే బరువుంటాయి.