ఫిట్స్ ఆగాయి సరే, మనిషి ఎలా ఉన్నాడు?

పెద్దాసుపత్రి న్యూరాలజీ ఓపీలో మూర్ఛ రోగికి దక్కే సమయం ఎంతో వెళ్లొచ్చినవాళ్లకు తెలుసు. "ఈ మధ్య ఫిట్స్ వచ్చాయా?" "లేదు సార్." "మందులు ఆపొద్దు. మూడు నెలలకు రండి." చీటీ చేతికొస్తుంది, తలుపు దగ్గర ఇంకో పేరు పిలుస్తారు. ఇందులో డాక్టరుగారిని తప్పు పట్టేదేమీ లేదు. వరండా నిండా జనం కూర్చుని ఉంటే ఎవరైనా అంతే చేస్తారు. నా పేచీ ఆ ప్రశ్నతో. దానికి "లేదు" అని జవాబు వస్తే వైద్యం గెలిచినట్టే లెక్క. ఆ మనిషికి నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా, ఇంట్లోవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడుతున్నాడా, అసలు బతకాలని ఉందా అన్నది ఆ చీటీలో ఎక్కడా రాయరు.

ప్రపంచంలో మూర్ఛ ఉన్నవాళ్లు సుమారు 5 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన దేశంలోనే కోటికి పైగా ఉంటారని అంచనా. సరిగ్గా గుర్తించి మందులిస్తే వీళ్లలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని అదే సంస్థ చెబుతోంది. ఏటా నవంబర్ 17న, జాతీయ మూర్ఛ దినం నాడు, ఈ 70 శాతం మాట ప్రతి వేదిక మీదా వినబడుతుంది. వినబడనిది ఇంకోటి ఉంది. మూర్ఛ ఉన్న పెద్దవాళ్లలో నలుగురిలో ఒకరికి కాస్త అటూ ఇటూగా డిప్రెషన్ ఉంటుంది. ఆందోళనతో సతమతమయ్యేవాళ్లు కూడా ఇంచుమించు అంతమందే. ఆత్మహత్య ప్రమాదం మిగతా జనంకంటే దాదాపు మూడు రెట్లని డెన్మార్క్ పరిశోధకులు తమ దేశపు రికార్డులన్నీ తిరగేసి 2007లో తేల్చారు.

"జబ్బు ఉంది కాబట్టి దిగులు ఉంటుంది, అందులో వింతేముంది?" అని కొట్టిపారేయడం తేలిక. అందులో సగమే నిజం. మెదడులో కణతల లోపలి వైపు ఉండే భాగమే పెద్దవాళ్లలో చాలా ఫిట్స్‌కు పుట్టిల్లు. జ్ఞాపకం, భయం, దుఃఖం కూడా ఆ చుట్టుపక్కలే పుడతాయి. అంతేకాదు, ఒక్క ఫిట్టు కూడా రాకముందు డిప్రెషన్‌తో బాధపడినవాళ్లకు తర్వాత మూర్ఛ వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. రెండు వేల నాలుగువందల ఏళ్ల కిందట గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ సంప్రదాయంలో రాసిన గ్రంథాల్లోనే, దిగులు రోగులు మూర్ఛ రోగులవుతారనీ మూర్ఛ రోగులు దిగులులో పడతారనీ గమనించారు. ఈ రెండూ తోడబుట్టినవి. ఒకదానికి మందేసి రెండోదాన్ని వదిలేస్తే వైద్యం సగంలో ఆగినట్టే.

ఇంకో సంగతి ఇళ్లలో బొత్తిగా తెలియదు. కొందరికి ఫిట్టు రావడానికి కొన్ని గంటల ముందో, ఒక రోజు ముందో మనసు చికాకుగా, బరువుగా అయిపోతుంది. కొందరికి వరసగా చాలా ఫిట్స్ వచ్చి తగ్గాక, ఒకట్రెండు రోజులు మామూలుగానే ఉండి, అప్పుడు ఉన్నట్టుండి అనుమానాలు మొదలవుతాయి. ఎవరివో గొంతులు వినిపిస్తాయి. అన్నంలో విషం కలిపారంటారు. ఫిట్స్ ఆగిపోయాయి కదా, ఇదేదో గాలి సోకిందని ఇంట్లోవాళ్లు మంత్రాలవాణ్ణి పిలుస్తారు. ఇది డాక్టర్లకు బాగా తెలిసిన, కొద్దిరోజుల మందులతో తగ్గే స్థితి. డిశ్చార్జి చేసేటప్పుడు "ఇలా కూడా జరగొచ్చమ్మా, జరిగితే వెంటనే తీసుకురండి" అని ఒక్క మాట చెబితే సరిపోయేది.

మందుల సంగతికి వద్దాం. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇక్కడే. లెవెటిరాసెటామ్ ఇప్పుడు ఫిట్స్‌కు బాగా ఎక్కువగా రాస్తున్న మాత్ర. కారణాలు లేకపోలేదు. మిగతా మందులతో పెద్దగా గొడవ పడదు, మోతాదు త్వరగా పెంచుకోవచ్చు, కాలేయం మీద భారం వేయదు. అయితే కొందరిలో అది కోపాన్ని రాజేస్తుంది. నిన్నటిదాకా నెమ్మదస్తుడనిపించుకున్నవాడు కూరలో ఉప్పు తగ్గిందని కంచం విసిరేస్తాడు. పిల్లల మీద చెయ్యి చేసుకుంటాడు. కాసేపటికి తనే కూర్చుని ఏడుస్తాడు. భార్య అత్తగారితో చెప్పుకుంటే "మగాడన్నాక కోపం ఉండదా" అంటుంది. ఓపీలో "ఫిట్స్ వచ్చాయా" అని అడిగినప్పుడు ఆ భార్య పక్కనే నిలబడి ఉంటుంది. అందరి ముందు, ఆయన ఎదురుగా, "ఈయనకు కోపం ఎక్కువైందండీ" అని ఎలా అంటుంది? అడిగితే చెబుతుంది. విడిగా అడిగితే ఇంకా బాగా చెబుతుంది. అడగరు. ఫిట్స్ లేవు కాబట్టి అదే మాత్ర, అదే మోతాదు, మళ్లీ మూడు నెలలు.

1912 నుంచీ వాడుకలో ఉన్న ఫినోబార్బిటాల్ కథ ఇంకోలా ఉంటుంది. చవక కాబట్టి పేదవాడి మందు అదే అయింది. మందగింపు, దిగులు దాని వెంట వచ్చే ఇబ్బందులు. "మావాడు ఫిట్స్ మందు వేసుకుంటాడు, అందుకే మబ్బుగా ఉంటాడు" అని ఊళ్లో అంటుంటారే, ఆ మబ్బులో మందు ఎంత, కుంగుబాటు ఎంత అని ఎవరూ విడదీసి చూడరు. మూర్ఛ మందులన్నిటి మీదా ఆత్మహత్య ఆలోచనల గురించి హెచ్చరిక ఉండాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే చెప్పింది. దీనికి మరో వైపు కూడా ఉంది. లామోట్రిజిన్, వాల్‌ప్రోయేట్, కార్బమజిపైన్ లాంటి మూర్ఛ మందులనే సైకియాట్రిస్టులు మనసు ఊగిసలాటను నిలపడానికి రాస్తారు. అంటే ఒక్కోసారి మాత్ర మార్చడమే మొత్తం వైద్యం. ఆ మార్పు డాక్టరు చెయ్యాలంటే ముందు ఆయన చెవిన పడాలి కదా.

చెవిన పడితే ఏమవుతుంది? "ఇది సైకియాట్రిస్టు చూడాలి" అని రాసిస్తారు. ఇక్కడే అసలు అగాధం.

మూర్ఛ రోగుల కుటుంబాలు తరాల తరబడి ఒకే పోరాటం చేశాయి: ఇది పిచ్చి కాదు, నరాల జబ్బు. చట్టం కూడా వాళ్ల మాట ఆలస్యంగానే విన్నది. 1976 సవరణతో హిందూ వివాహ చట్టంలో ఉన్మాదం పక్కన మూర్ఛనూ చేర్చి, పెళ్లికి అడ్డంకి చేశారు. ఆ మాట తీసెయ్యడానికి 1999 దాకా పట్టింది. అప్పటికీ ఇప్పటికీ అవగాహన సభల్లో మొదటి నినాదం "మూర్ఛ పిచ్చి కాదు" అన్నదే. నిజమే, కాదు. అయితే ఆ నినాదం తన గౌరవాన్ని ఇంకో రోగిని పక్కకు నెట్టి సంపాదించుకుంది. "మేం వాళ్లలాంటివాళ్లం కాదు" అని పదేపదే చెప్పుకున్న ఇంటికి, ఒకరోజు డాక్టరు "ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వెళ్లి చూపించుకోండి" అంటే ఏం జరుగుతుంది? హైదరాబాద్‌లో పెద్దాసుపత్రి ఉన్న పంజాగుట్ట నుంచి ఎర్రగడ్డ మెట్రోలో నాలుగో స్టేషను. టికెట్టు డబ్బులు అడ్డం కాదు. ఆ ఊరి పేరును తిట్టుగా వాడే భాష మనది, సినిమాల్లో దాన్ని చూసి నవ్విన జనం మనం. పెళ్లి కావలసిన చెల్లెలున్న ఇంట్లో ఆ చీటీ బీరువాలోకి పోతుంది.

ధైర్యం చేసి వెళ్లినవాళ్లకు అక్కడ ఇంకో గోడ. "ఫిట్స్ ఉన్నాయా? అయితే ముందు న్యూరో డాక్టరు దగ్గర రాయించుకు రండి." డిప్రెషన్ మందులిస్తే ఫిట్స్ పెరుగుతాయన్న భయం డాక్టర్లలోనే ఇంకా ఉంది. బ్యుప్రోపియాన్, క్లోమిప్రమిన్ లాంటి కొన్నిటి విషయంలో జాగ్రత్త అవసరమే. సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటివి మామూలు మోతాదులో ఇవ్వడానికి వెనకాడనక్కర్లేదు. అంతర్జాతీయ మూర్ఛ వైద్యుల సంఘం 2022లో ఇచ్చిన సూచనల్లో ఓ మోస్తరు నుంచి తీవ్రమైన డిప్రెషన్‌కు మందుల్లో ముందు ఈ రకాన్నే వాడమంది. అయినా రోగి రెండు గుమ్మాల మధ్య తిరుగుతూనే ఉంటాడు.

రెండు గుమ్మాలూ దొరికినా, రెండు చీటీలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోతే అదో ప్రమాదం. కార్బమజిపైన్, ఫెనిటాయిన్ వేసుకుంటున్న మనిషి కాలేయం చాలా మానసిక వ్యాధుల మందులను త్వరగా కరగదీసేస్తుంది. సైకియాట్రిస్టు రాసిన మాత్ర పనిచేయలేదని మోతాదు పెంచుతూ పోతారు. ఫ్లూయోక్సెటిన్ మొదలుపెడితే ఫెనిటాయిన్ రక్తంలో పేరుకుపోయి మనిషి తూలిపోవచ్చు. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే.

ఇక అటూ ఇటూ కానివాళ్లు కొందరున్నారు. చూడ్డానికి అచ్చం ఫిట్సే, మెదడు విద్యుత్తులో మాత్రం తేడా కనబడదు. మనసు మీద పడ్డ ఒత్తిడి శరీరంలోంచి అలా బయటికి వస్తుంది. వీడియో ఈఈజీ తీస్తే తప్ప ఖాయంగా తెలియదు కాబట్టి ఏళ్ల తరబడి మూర్ఛ మందులు మింగుతుంటారు. వీళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. చివరికి సంగతి తేలాక "నీకేం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని పంపేస్తారు. ఇంట్లో "ఇన్నాళ్లూ నాటకమాడావా" అంటారు. నాటకం కానే కాదు. దానికి మాటలతో చేసే చికిత్స ఉంది, అది చేసేవాళ్లే మన జిల్లాల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

పిల్లల మూర్ఛకైతే ఒక తల్లి కాపలా ఉంటుంది. ఎప్పుడొచ్చింది, ఎంతసేపుంది, ఆ రోజు బడికెళ్లాడా అన్నీ ఆమె చెబుతుంది. పెద్దవాడయ్యాక ఆ కాపలా పోతుంది, రహస్యాలు మొదలవుతాయి. పెళ్లయిన అమ్మాయి మాత్రల అట్ట చీరల అడుగున దాస్తుంది, దాచలేని రోజు మానేస్తుంది. ఆటో నడుపుకునేవాడు లైసెన్సు దరఖాస్తులో మూర్ఛ ఉందా అన్న ప్రశ్న దగ్గర అబద్ధం రాస్తాడు. బ్రిటన్‌లో ఏడాదిపాటు ఫిట్స్ రాకపోతే మళ్లీ కారు నడపనిస్తారు, మన దగ్గర అలాంటి గడువు లేదు. ఫిట్స్ అదుపులో లేనివాళ్లు బండి నడపాలని నేననడం లేదు. పదేళ్లుగా రానివాణ్ణీ నిన్న వచ్చినవాణ్ణీ ఒకే గాటన కట్టడం అన్యాయం. బండి పోయినవాడికి పింఛనన్నా వస్తుందా? 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో పార్కిన్సన్స్ ఉంది, మానసిక రుగ్మత ఉంది, మూర్ఛ పేరు లేదు. ఈ దిగులుకు ఏ సైకియాట్రిస్టు దగ్గరా మాత్ర ఉండదు.

విచిత్రమేమిటంటే మూర్ఛనూ మానసిక జబ్బునూ ఒకే బల్ల మీద చూడడం మన దేశానికి కొత్త కాదు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. ఆ తర్వాత బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు మన పొరుగునే బళ్లారి జిల్లాలో చేసిన ప్రయోగంలో పీహెచ్‌సీ డాక్టర్లకు మానసిక జబ్బులతో పాటు మూర్ఛకూ మందివ్వడం నేర్పారు. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దాని మీదే నిలబడింది. పద్ధతి ఉంది, మనుషులే తక్కువ. లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని దేశంలో ప్రతి మూర్ఛ రోగినీ సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలనడం చేతులు దులుపుకోవడమే.

అందుకని నా మాట ఇది. మామూలు డిప్రెషన్‌ను న్యూరాలజీ ఓపీలోనే గుర్తించాలి, అక్కడే మందివ్వాలి. గుర్తించడానికి ఆరు ప్రశ్నల కాగితం ఒకటి 2006 నుంచీ ఉంది, మూర్ఛ రోగుల కోసమే తయారు చేశారు. మూడు నిమిషాల్లో అయిపోతుంది. వరండాలో గంటలకొద్దీ కూర్చునేవాళ్లకు మూడు నిమిషాలు ఎక్కువేమీ కాదు. చదువురానివాళ్లను నర్సమ్మ అడిగి రాయొచ్చు. బతకడం దండగన్న ఆలోచన గురించీ అందులో ఉంటుంది కాబట్టి, అవునన్నవాళ్లతో ఆ పూటే మాట్లాడే మనిషి అక్కడుండాలి. అందుకు బోధనాసుపత్రుల్లో వారానికొక రోజు సైకియాట్రిస్టు న్యూరాలజీ ఓపీలోనే కూర్చోవాలి. తీవ్రంగా ఉన్నవాళ్లను ఆయన చూస్తారు, మిగతావాళ్లకు న్యూరో డాక్టరే రాస్తారు, చీటీ ఒక్కటే ఉంటుంది. కొత్త భవనం అక్కర్లేదు. ఆరోగ్యశాఖ నుంచి ఒక ఉత్తర్వు చాలు. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య మంత్రులూ ఈ పని ఈ ఏడాదే చెయ్యగలరు.

అంతవరకూ మూర్ఛ ఉన్నవాళ్లూ, వాళ్ల ఇంట్లోవాళ్లూ ఓపీలో అడిగేదాకా ఆగకండి. నిద్ర లేకపోయినా, కోపం కొత్తగా పెరిగినా, ఏడుపు వస్తున్నా, చచ్చిపోవాలనిపించినా ఫిట్స్ లెక్కతో పాటే చెప్పండి. మాత్ర వల్లే అనిపించినా సొంతంగా ఆపొద్దు. ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఓపీ రోజుదాకా ఆగలేని రాత్రి వస్తే ప్రభుత్వ మానసిక సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఇరవైనాలుగు గంటలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.