డ్రిల్లు మాస్టరుగారి భారము

సాయంకాలపు గంట మ్రోగగనే మన యిల్లందులో ఉపాధ్యాయులము ఇంటిదారి పట్టుదుము. డ్రిల్లు మాస్టరుగారు మాత్రము మైదానమునకు పోవుదురు. చీకటి పడువఱకు అచటనే యుందురు. జట్టు గెలిచిన నాడు మాలలు పిల్లలకు. ఓడిన నాడు మాటలు ఆయనకు. ఇది న్యాయమా?

పై మెట్టు ఎక్కినకొలది ఈ భారము పెరుగునే కాని తరుగదు. హైదరాబాదునకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీంగారు మనవలెనే బడిపంతులు. ఆయన 1950లో భారత ఫుట్‌బాలు జట్టు శిక్షణ చేపట్టిరి. ఆ జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును, 1956లో మెల్బోర్ను ఒలింపిక్సునందు నాలుగవ స్థానమును పొందెను. 1962లో జకార్తా క్రీడలనాటికి ఊపిరితిత్తుల కేన్సరు ఆయనను పట్టుకొనియుండెను. అయినను జట్టును విడువలేదు. సెప్టెంబరు 4వ తేదీన, ప్రేక్షకులు ఎదురు కేకలు వేయుచుండగా, మనవారు దక్షిణ కొరియాను 2-1 గోల్సుతో ఓడించిరి. 1963 జూన్ 11న రహీంగారు కన్నుమూసిరి. వయస్సు 53 మాత్రమే. ఆసియా క్రీడలలో ఆ స్వర్ణము మరల మనకు దక్కలేదు.

ఆ వ్యాధి ఆటవలన వచ్చినదని నేననను. కాని యిట్టి కథ విన్నప్పుడెల్ల “గురువనిన నిట్లుండవలెను” అని పొగడి, మన పని తీరినదని తలంచుచున్నాము. త్యాగమును పొగడుట సులభము. భారమును పంచుకొనుట కష్టము.

కొన్ని యేండ్ల క్రిందట నేను పనిచేసిన యొక బడిలో జట్టు ఓడిపోగా, డ్రిల్లు మాస్టరును సంజాయిషీ అడిగినవారిలో నేనును ఒకడను. ఆయన బదులు పలుకలేదు. ఆ వారమంతయు ఆయన బిడ్డ జ్వరముతో పడియున్నదనియు, పగలు మైదానమునందు నిలిచి రాత్రులు బిడ్డ మంచముకడ మేల్కొనియుండిరనియు పిమ్మట తెలిసినది. ఆ సిగ్గు నేటికిని నన్ను విడువలేదు.

కావున నా మనవి యిది. వారమున రెండు సాయంకాలములు తక్కిన ఉపాధ్యాయులలో నొకరము మైదానమున నిలుతము. జట్టు పొరుగూరు పోవునపుడు తలిదండ్రులలో నిద్దఱు తోడు పోవుదురు గాక. పోటీలు ముగిసిన పిమ్మట ఆయనకు రెండు దినములు విశ్రాంతి నిత్తము.

విద్యార్థులారా! ఓడి వచ్చిన నాడు మీ మాస్టరుగారిని “భోజనము చేసితిరా అండీ?” యని యడుగుడు. కప్పు మరుసటి యేడైనను రావచ్చును. ఆయన ఆరోగ్యము పోయినచో మరల రాదు.