చదువు రాని అన్నకు బొమ్మల కాగితం



మన క్యాంపు గోడల మీద అంటించిన కాగితాలు ఒకసారి చూడండి. దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. ఆఫీసులో ఇలాంటి కాగితాలు టైపు చేయడమే నా ఉద్యోగం. అందుకే చెబుతున్నాను, వీటి కింద సంతకం పెట్టేవాళ్ళలో చాలామంది చదివి పెట్టడం లేదు. "ఇక్కడ పెట్టు" అంటే పెడుతున్నారు. ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఆ కాగితం వాళ్ళ కోసం రాసింది కాదు, అంతే.

మరి కూలివాడి కోసం తయారైన కాగితం ఎలా ఉంటుంది? మెక్సికో వాళ్ళు నూరేళ్ళ కిందటే చూపించారు. 1880లో మెక్సికో నగరంలో ఆంటోనియో వనేగాస్ అర్రోయో ఒక అచ్చాఫీసు పెట్టాడు. అందులో బొమ్మలు చెక్కినవాడు హోసే గ్వాడలూపే పొసాదా (1852–1913). పల్చని రంగు కాగితం, పైన పెద్ద బొమ్మ, కింద నాలుగు మాటలో పాటో ఉండేవి. వెల చిల్లర పైసలే. మన ఊళ్ళలో సినిమా హాలు ముందు పాటల పుస్తకాలు అమ్మినట్టు వీధుల్లో తిరిగి అమ్మేవాళ్ళు. చదవగలిగినవాడు పాడితే, రానివాడు బొమ్మ చూసి సంగతి తెలుసుకునేవాడు. హత్యలు, ఉరిశిక్షలు, వింతలు అన్నీ అందులో వచ్చేవి. నవంబరులో చనిపోయినవాళ్ళ పండగకు గొప్పవాళ్ళను కూడా అస్థిపంజరాలుగా గీసి నవ్వించేవాడు. పెద్ద టోపీ పెట్టుకున్న అస్థిపంజరం దొరసాని బొమ్మను ఇక్కడి మెక్సికో దుకాణాల్లో మీరూ చూసే ఉంటారు. అది మొదట గీసింది ఈయనే.

ఆయన తర్వాత 1937లో లియోపోల్డో మెండెజ్, ఆయన మిత్రులు ప్రజల కోసం ఒక బొమ్మల అచ్చుశాల పెట్టారు. లినోలియం ముక్క మీద బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితం మీద అద్దేవాళ్ళు. మన పెడన కలంకారీ చెక్క అచ్చుల పని తెలిసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు.

ఈ బొమ్మలు సరిహద్దు దాటి కాలిఫోర్నియా పొలాలకూ వచ్చాయి. 1964లో సీజర్ చావెజ్ సంఘం వాళ్ళు పొలం కూలీల కోసం ఒక పత్రిక మొదలుపెట్టారు. పేరు 'ఎల్ మాల్‌క్రియాదో', అంటే పెంకి పిల్లవాడు. దాని అట్టల మీద పొసాదా బొమ్మలు, మెండెజ్ బృందం బొమ్మలు వేసేవాళ్ళు. లోపల ఆండీ జెర్మెన్యో అనే చిత్రకారుడు అమాయకపు కూలీ డాన్ సొటాకోను గీసేవాడు. అతన్ని మోసం చేసే కూలీల కాంట్రాక్టరు పేరు డాన్ కొయోటీ. కొయోటీ అంటే మన నక్క లాంటి జంతువు. ఏజెంటు ఎలాంటివాడో ఇంకా విడమరిచి చెప్పాలా?

1965 సెప్టెంబరు 8న డెలానో ద్రాక్షతోటల్లో ఫిలిప్పీన్స్ కూలీలు సమ్మెకు దిగారు. 16న చావెజ్ సంఘం కలిసింది. 1970 జూలై 29న యజమానులు ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. బొమ్మలే సమ్మెను గెలిపించాయని నేను అనను. గెలిపించింది ఐదేళ్ళ ఓర్పు, ద్రాక్ష కొనకుండా ఆపిన జనం. కానీ ఎందుకు పోరాడుతున్నామో చదువు రాని మనిషికి చెప్పడంలో బొమ్మల సాయం చాలా ఉంది.

ఇది మనకెందుకు అంటారా? 2005 కత్రినా తుఫాను తర్వాత మన దేశం నుంచి దాదాపు 500 మంది వెల్డర్లు, పైప్ ఫిట్టర్లు మిసిసిపీ, టెక్సాస్ తీరాలకు వచ్చారు. గ్రీన్ కార్డు వస్తుందన్న మాట నమ్మి ఏజెంట్లకు వేల డాలర్లు కట్టారు. ఒక్కో గదిలో 24 మంది దాకా ఉన్నారు, రోజుకు 35 డాలర్లు జీతంలో కోత. 2008లో పని వదిలి బయటికి వచ్చి పోరాడారు. 2015లో న్యూ ఆర్లీన్స్ కోర్టులో జ్యూరీ అందులో ఐదుగురికి 1.4 కోట్ల డాలర్లు ఇవ్వాలని తేల్చింది. రోజుకు 35 అంటే నెలకు 1050. ఈ లెక్క ఇంగ్లీషు కాగితంలో ఒక మూల అంకెగా ఉంటే ఎవరికి కనిపిస్తుంది? జీతం కవరును నక్క కొరుకుతున్నట్టు గీస్తే, ఎంత ముక్క పోయిందో ఎవరైనా చెబుతారు.

వాట్సాప్ ఉండగా కాగితం ఎందుకని కొందరు అడుగుతారు. ఫోనులో వచ్చింది సాయంత్రానికి వంద మెసేజీల కింద పడిపోతుంది. గోడ మీదిది మూడు పూటలా అన్నం తినేటప్పుడు కనిపిస్తుంది, పక్కవాడితో మాట్లాడిస్తుంది. బొమ్మ చిన్నపిల్లల వ్యవహారం అనేవాళ్ళకు ఒక్క మాట: మన దేశంలో 1951–52 ఎన్నికల నుంచీ ఓటు గుర్తు చూసే వేస్తున్నాం.

కాబట్టి నా కోరిక ఇది. మన పత్రిక ప్రతి వారం ఒక పేజీ బొమ్మకు వదలాలి, చించి గోడకు అంటించుకునేలా. ఒక వారం జీతం చీటీ ఎలా చూడాలి, ఒక వారం పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండాలి, ఒక వారం ఏజెంటుకు కట్టిన డబ్బుకు రసీదు.

గీసేవాళ్ళు ఎవరంటారా? మన మధ్యే ఉన్నారు. ఊళ్ళో ఎన్నికలప్పుడు గోడల మీద గుర్తులు గీసినవాళ్ళు, ఫ్లెక్సీలు వచ్చాక బ్రష్షు పక్కన పెట్టి వెల్డింగు నేర్చుకున్నవాళ్ళు ఉన్నారు. అన్నా, ఆ బ్రష్షు మళ్ళీ పట్టుకోండి. కింద నాలుగు మాటలు రాయడానికి నేను సిద్ధం.