గజ్జి కుక్క అనే ముందు

(తృతీయ బి.యస్సీ. విద్యార్థి)

మన భాషలో “గజ్జి కుక్క” అనేది జబ్బు పేరు కాదు, తిట్టు. వెంట్రుకలు రాలి, ఒళ్ళు గీరుకుంటూ వీధిన పోయే ప్రతి కుక్కకూ ఆ పేరే. పేరు పెట్టాక ఇక వైద్యమేముంది? రాయి విసరడం, లేకుంటే ట్రాక్టరు నుంచి తీసిన పాత ఇంజనాయిలు పుయ్యడం. ఆ ఆయిలును కుక్క నాకి మింగుతుంది, చర్మం మరింత చెడుతుంది. దాన్ని వైద్యమనడం నాకు సమ్మతం కాదు.

“కంట్రోలు” లేని ప్రయోగానికి లాబ్‌లో మార్కులు వెయ్యరు. రికార్డులో అందంగా బొమ్మలు గీసే మనమే, ఇంటికి పోగానే ఏ పరీక్షా లేకుండా తీర్పు చెప్పేస్తాం!

గోకుడుకు ముందు అనుమానించాల్సింది పేలు, పిడుదులు, గజ్జి పురుగు. అవన్నీ కావని తేలినాక తిండి సంగతి చూడాలి. కాలంతో పని లేకుండా ఏడాది పొడుగునా గోకుడు, అదేపనిగా పాదాలు నాకడం, చెవులు మాటిమాటికీ చీముపట్టి వాసన కొట్టడం, పొత్తికడుపు ఎర్రబారడం, కొన్నిటికి విరోచనాలు — ఇవీ గుర్తులు. దుమ్మూ పుప్పొడీ పడని కుక్కకూ కొంచెం ఇట్లాగే ఉంటుంది గనుక చూపుతో తేల్చలేం. “ఇన్నేళ్ళూ తిన్న కూడే కదా” అంటారు. అసలు మెలిక అక్కడే ఉంది. ఒళ్ళు ముందే ఎరిగిన పదార్థాన్నే ఒకనాడు శత్రువుగా పొరబడుతుంది. దీనికి “ఎలర్జీ” అనే మాటను 1906లో వియన్నా వైద్యుడు పిర్కే పెట్టాడు.

మాది చెనక్కాయలు పండించే ఇల్లు. కాయ ఊరే రోజుల్లో అడివి పందులు చేలో పడకుండా రాత్రి కాపలా మా కర్రిగాడిదే. వాడికి రెండేళ్ళు చెవుల్లో చీము, కాళ్ళకు పుండ్లు. టౌనులో ఒక డాక్టరు సూది వేస్తే పది దినాలు తగ్గేది, మళ్ళీ మొదలు. ఏం తింటాడని ఆయన ఒక్కసారీ అడగలేదు. సంతలో వదిలేసి రమ్మని ఊరంతా సలహా. మా నాయన ఒప్పుకోలేదు. “నువ్వు చదివే సైన్సులో దీనికేం లేదా రా?” అన్నాడు నాతో.

ఉంది. ఇంకో పశువైద్యుణ్ణి అడిగి, పేలకూ గజ్జికీ మందు వేయించినాక, ఎనిమిది వారాలు ఒకే కూడు పెట్టినాం. అన్నం, వాడు అంతవరకూ రుచి చూడని చేప. ముళ్ళు తీసి, ఉప్పూ కారమూ లేకుండా. వేరే ముక్క ఒక్కటీ లేదు. ఆరో వారానికి గోకుడు ఆగింది. చాలామంది ఇక్కడితో సంతోషపడి ఆపేస్తారు. కానీ పాత తిండి తిరిగి పెట్టి చూస్తేనే రుజువు. మజ్జిగన్నం పెట్టినాం, మూడో రోజుకే పాదాలు నాకడం మొదలైంది. ఆపితే తగ్గింది. తర్వాత కోడిమాంసం విడిగా పెడితే ఏమీ కాలేదు. దొంగ పాలే!

“మజ్జిగ చలవ రా, దానికి గోకుడెందుకొస్తుంది?” అని మా అవ్వ చాటుగా పోసేది. కుక్కను బాగుచేసినంత సులువుగా అవ్వను ఒప్పించలేకపోయాం. ఈ జబ్బులో మందులకంటే ఇంటివాళ్ళను కట్టడి చెయ్యడమే కష్టం.

2016లో అచ్చయిన ఒక సమీక్షలో, తిండి పడక చర్మం చెడిన 297 కుక్కలను లెక్కిస్తే, 34 శాతానికి గొడ్డుమాంసం, 17 శాతానికి పాల పదార్థాలు, 15 శాతానికి కోడి, 13 శాతానికి గోధుమ పడలేదు. రక్తపరీక్షతో ఇది తేలుతుందని డబ్బు గుంజేవాళ్ళున్నారు. ఆ పరీక్షలు నమ్మదగినవి కావు. అట్లాగని అన్నమూ చేపా జన్మంతా పెట్టరాదు, సున్నం వంటివి చాలవు. తేలినాక సమతుల్యమైన తిండి డాక్టరుతో రాయించుకోవాలి.

మన హాస్టలు వెనక గోధుమరంగు కుక్క ఒకటి చెవులు గీరుకుంటూ తిరుగుతోంది. అందరూ జాలిపడి బిస్కెట్లు వేస్తున్నారు. వాటిలో గోధుమా ఉంది, పాలపొడీ ఉంది. విద్యార్థి సంఘం వార్షికోత్సవ పూలదండల్లో రెండు తగ్గించి, ఆ డబ్బుతో దాన్ని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయి చర్మం గీకి చూపించమని నా మనవి. గజ్జి కాదని తేలితే ఎనిమిది వారాలు కూడు వండించే పూచీ నాది; అన్నాళ్ళూ బిస్కెట్లు వెయ్యకుండా మిగతావాళ్ళు ఉండగలిగితే.