నీళ్ల చదువును చులకన చేయకండి

"డబ్లిన్ దాకా పంపింది ఏటిగట్టున సీసాల్లో నీళ్లు పట్టుకోవడానికా అండీ?" ఈ వారం ఒక తండ్రి అన్న మాట ఇది. కూతురు డేటా అనలిటిక్స్ మాని నీళ్లు, చేపలు, తిండి భద్రత మీద పీహెచ్‌డీ చేస్తానందట. బ్యాంకు లోను ఉంది కాబట్టి ఆయన బెంగ నాకు తెలుసు. ఆ చదువును తీసిపారేయడం మాత్రం నేను ఒప్పుకోను.

ఆకలికీ ప్రకృతికీ ఉన్న ముడి ఆ అమ్మాయి చదువుకుంటున్న ఐర్లండ్‌కు తెలిసినంతగా ఏ దేశానికి తెలుసు? 1845లో ఆలుగడ్డ పంటకు తెగులు సోకింది. పేదలకు దాదాపు అదొక్కటే తిండి. తర్వాతి కొన్నేళ్లలో పది లక్షల మంది చచ్చిపోయారు, మరో పది లక్షల మంది ఓడలెక్కి దేశం విడిచారు. ఆ ఏళ్లలోనూ అక్కడి ధాన్యం, పశువులు ఇంగ్లండుకు వెళ్తూనే ఉన్నాయి.

అదే దేశం నేడు పాలు, వెన్న ప్రపంచానికి అమ్ముతోంది. 2015లో యూరప్ పాల కోటా ఎత్తేశాక పాడి పెరిగింది, పొలాల్లోని నత్రజని నదుల్లో చేరింది. ఆ దేశపు పర్యావరణ సంస్థ లెక్కల్లో నదులు, సరస్సులు, తీర జలాల్లో బాగున్నవి సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఎరువు తగ్గించిన మర్నాడే ఏరు బాగుపడదు. భూగర్భంలో చేరిన నత్రజని బయటికి రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ సంగతి తేలాలంటే కొలిచేవాళ్లు ఏళ్ల తరబడి అక్కడే ఉండాలి. అందుకే చాగస్క్ అనే వ్యవసాయ పరిశోధన సంస్థ 2008 నుంచి ఆరు పరీవాహక ప్రాంతాల్లో రైతులతో కలిసి ఏటి నీటిని కొలుస్తోంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మేయో కౌంటీలోని బరిషూల్. అక్కడ 1970 నుంచి ఏరు ఎక్కే, దిగే ప్రతి సాల్మన్ చేపనూ లెక్కపెడుతున్నారు. ఎన్ని పిల్లలు సముద్రానికి వెళ్లాయో, ఎన్ని బతికి తిరిగొచ్చాయో అక్కడి పుస్తకాలు చెబుతాయి. ఒక తరం మొదలుపెట్టిన లెక్కను తర్వాతి తరం వదల్లేదు. సైన్సు అంటే నా దృష్టిలో ఇదే, మెరుపు ఫలితాలు కాదు.

మరి ఆ పని చేసేవాళ్ల బతుకో? ఐర్లండ్ ప్రభుత్వం పీహెచ్‌డీ విద్యార్థికి ఇచ్చేది ఏడాదికి 25,000 యూరోలు. డబ్లిన్ అద్దెలకే చాలావరకు సరి. ఆ తర్వాత రెండేళ్లకో మూడేళ్లకో ముగిసే ఒప్పందాలు. గుడ్డు పొదిగి, ఏట్లో పెరిగి, సముద్రానికి వెళ్లి సాల్మన్ తిరిగి రావడానికే దాదాపు నాలుగేళ్లు. చేప కన్నా ముందే పరిశోధకుడి ఉద్యోగం పోతుంది. ఇది అన్యాయం.

మన సంగతి ఇంకా బాధాకరం. కొల్లేరు సరస్సును 1999లో అభయారణ్యం చేశారు, 2002లో చిత్తడి నేలల అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లు పేల్చేశారు. అభయారణ్యం హద్దు ఐదో కాంటూరా, మూడో కాంటూరా అన్న తగవు నేటికీ తెగలేదు. తమ్మిలేరు, బుడమేరు ఏం మోసుకొస్తున్నాయో, ఉప్పుటేరు ఎంత బయటికి లాగుతోందో కొలిచే మనుషుల గురించి మాత్రం ఏ నాయకుడూ మాట్లాడడు. రొయ్యల ధర పడితే మంత్రులు పరుగెత్తుతారు, నీరు పాడైతే కదలరు.

ప్రభుత్వాన్ని నేను అడిగేది ఒక్కటే. కొల్లేరు ఒడ్డున శాశ్వత ఉద్యోగాలతో పరిశోధన కేంద్రం పెట్టండి, పాలన మారినా దాని లెక్కలు ఆపకండి. ఆ తండ్రికీ ఒక మాట: అయ్యా, అమ్మాయిని చదవనివ్వండి.