కిరాయి ఓడది, బాకీ కొట్టుది!

ఎక్కడి ఎర్ర సముద్రం, ఎక్కడి కృత్తివెన్ను! అయినా అక్కడ ఓడ దారి మళ్లితే ఇక్కడ కిరాణా కొట్టు కుదేలవుతుంది.

2019లో నలభై అడుగుల కంటైనర్ కిరాయి ప్రపంచ సగటున 1,420 డాలర్లు. కరోనా కాలంలో, 2021 సెప్టెంబరులో, అది 10 వేల డాలర్లు దాటింది. తర్వాత దిగింది. 2023 చివర హౌతీల దాడులతో ఓడలు సూయజ్ కాలువ వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. పది, పద్నాలుగు రోజుల అదనపు ప్రయాణం. కిరాయి, బీమా మళ్లీ పెరిగాయి. రష్యా, ఉక్రెయిన్ల నుంచి వచ్చే పొద్దుతిరుగుడు నూనెదీ అదే దారి.

ఈ దెబ్బ చిన్న కొట్టుకు రెండు వైపులా తగులుతుంది. హోల్‌సేల్ వ్యాపారి కొత్త రేటు వేసి, రొక్కం ఇస్తేనే సరుకు దించుతాడు. కొట్టతనేమో ఊరికి అరువివ్వాలి. ఆ అరువు తీరేది రొయ్యల పట్టుబడి అయ్యాకే. ఆ రొయ్య కూడా ఓడ ఎక్కాల్సిందే! ఓడ కిరాయి పెరిగిందంటూ కౌంటు రేటు కోస్తారు. రైతు చేతికి తక్కువొస్తే ఖాతా పుస్తకంలో బాకీ కదలదు. పెద్ద మాల్‌కు బ్యాంకు అండ. చిన్న కొట్టుకు వడ్డీ వ్యాపారే దిక్కు.

ఎర్ర సముద్రం మన పాలకుల చేతిలో లేదు, నిజమే. మరి పక్కనున్న బందరు రేవు? డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో వెతుక్కుంటూ వచ్చిన రేవది. మన కాలంలో దానికి దక్కినవి 2008, 2019, 2023ల్లో మూడు శంకుస్థాపనలు! దుగరాజపట్నం రేవు తొలి దశ 2018 ఆఖరుకు పూర్తి కావాలని విభజన చట్టంలోనే రాశారు. కాలేదు. 1972లో జై ఆంధ్ర అని మన పెద్దలు లాఠీలకు ఎదురెళ్లింది, 2014లో రాష్ట్రం వేరుపడింది, శిలాఫలకాలు లెక్కపెట్టుకోవడానికా?

మేమడిగేవి మూడే. బందరు రేవులో బొగ్గుకే కాదు, రొయ్యల శీతల కంటైనర్లకూ చోటుండాలి. ఓడ కిరాయి కింద కౌంటు రేటులో ఎంత కోశారో రైతుకిచ్చే చీటీ మీద రాయాలి. కిరాయి పెరిగినప్పుడు దిగిన రేటు, తగ్గినప్పుడు ఎక్కిందో లేదో అప్పుడే తేలుతుంది. చిల్లర వర్తకులకు తక్కువ వడ్డీకి బ్యాంకు రుణాలివ్వాలి.

రాష్ట్రం వేరైతే చాలదు. రేవు మీద, రేటు మీద మన మాట చెల్లాలి. అప్పటిదాకా ఉద్యమం ముగియనట్టే!