రవ్వా? మృగాలా? మూతిని పరికించండి

ఖానాపూర్ పరిసరాల్లో గోదావరి, సదర్మాట్ ఆనకట్ట, కడెం జలాశయం, ఊరూరా చెరువులు ఉన్నందున మంచినీటి చేపలకు కొదవ లేదు. 2016లో రాష్ట్ర ప్రభుత్వం ఉచిత చేపపిల్లల పంపిణీ ప్రారంభించిన తర్వాత బొచ్చె, రవ్వ (రోహు), మృగాల, బంగారుతీగ మరింతగా కానవస్తున్నాయి. నాలుగూ ఒకే కుటుంబానికి చెందినవి. ఒకే వలలో పడి ఒకే తట్టలోకి చేరతాయి గనుక, ఒకదాని పేరున మరొకటి మన సంచిలోకి రావడం వింతేమీ కాదు.

బొచ్చెను గుర్తించడం సులభం. తల చాలా పెద్దది, నోరు పైకి తిరిగి, కింది పెదవి మందంగా ఉంటుంది, మీసాలు ఉండవు. నీటి పైపొరలోని మేతను అందుకోవడానికి సృష్టికర్త దానికి అలాంటి నోటినిచ్చాడు. బంగారుతీగకు పెదవుల పక్కన రెండు జతల మీసాలుంటాయి, వీపు రెక్క పొడవుగా సాగుతుంది.

చిక్కంతా రవ్వ, మృగాలల దగ్గరే. రంగును నమ్మకండి, నీటిని బట్టి, వయసును బట్టి అది మారుతుంది. రెక్కల ఎరుపు కూడా రెంటిలోనూ కనిపించవచ్చు. నోటిని చూడండి. రవ్వ పెదవులు దళసరిగా, అంచున కుచ్చుల్లా ఉంటాయి; వేలితో తాకితే తెలుస్తుంది. మృగాల పెదవులు పలుచన, కుచ్చులుండవు. అడుగున మేసే చేప కనుక దాని నోరు వెడల్పుగా, కిందివైపు ఉంటుంది; మూతి మొద్దుగా, ఒడలు సన్నగా, వెండిలా మెరుస్తుంది. రవ్వ వీపు కాస్త ఎత్తుగా వంగి ఉంటుంది.

రుచిలో మృగాలను తక్కువ చేయవలసిన పని లేదు, పులుసుకు చక్కగా పనికొస్తుంది. అభ్యంతరమల్లా రవ్వ ధర పుచ్చుకుని మృగాలను ఇవ్వడంపైనే. సరుకు పేరు ఉన్నదున్నట్లు చెప్పడం అమ్మేవాని బాధ్యత. చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటి అయితే తిరిగి ఇచ్చే హక్కు, ఖియార్, కొన్నవారికి షరీఅత్ కల్పించింది. కాని ముక్కలు కోసి, పొలుసు గీకిన తర్వాత ఆ హక్కును నిరూపించేదెలా? కాబట్టి తూకానికి ముందే చేపను చేతిలోకి తీసుకుని, మూతిని చూసి, పేరు అడగండి. కోయించినప్పుడు తలను కూడా సంచిలో వేయమనండి. పిల్లలకు వడ్డించేటప్పుడు మాత్రం ఏ రకమైనా ముళ్లు తీసి పెట్టాలి. వీటన్నింటి కండల మధ్య సన్నని చీలిక ముళ్లుంటాయి.